క్లచ్ పెడల్, ఎడమకాలి మడమ

వచ్చే సోమవారం ఆసుపత్రి కారు తాళాలు అప్పగించేస్తున్నాను. పదవీ విరమణ అనే మాట నా వయసుకు మరీ పెద్దది. తలలో తెల్ల వెంట్రుక కావాలంటే ఇంకా వెతుక్కోవాలి. అయితే నా ఎడమ మోకాలు నాకంటే ముందే ముసలిదైపోయింది. మొన్న డాక్టరమ్మగారు దాన్ని వంచి, చాపి, నొక్కి చూసి, "సుగుణా, కారుకైతే క్లచ్ ప్లేటు మారుస్తాం. దీనికి మార్చే ప్లేటు నా దగ్గర లేదమ్మా. ఇంక దిగు" అన్నారు. ఇకమీద నర్సుల హాస్టల్లో పుస్తకాల గది, పక్కనున్న మందుల స్టోరు నేను చూసుకోవాలట. పుస్తకాల గది నాకు శిక్ష కాదని ఆవిడకి బాగా తెలుసు. కారు సీటు కింద అట్ట వేసి దాచుకున్న నవలలు ఆవిడ ఎన్నిసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారో!

నా సీటులోకి ఇద్దరమ్మాయిలు వస్తున్నారు, శాంత, కరుణ. వాళ్లకి పని నేర్పమన్నారు. చేసి చూపించగలను గానీ, ఎదురుగా నిలబడి చెప్పడం నాకు చేతకాదు. నలుగురి మధ్య నోరు విప్పాలంటే ఇప్పటికీ అరచేతులు చెమట పడతాయి. చిన్నప్పటినుంచీ రోజూ డైరీ రాసుకునే అలవాటుంది కనుక రాయడమే నాకు తేలిక. లైసెన్సు ఎలా తీసుకోవాలో, పెట్రోలు కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలో ఆఫీసులో చెబుతారు. అవి వదిలేస్తున్నాను. క్లచ్ గురించి రాస్తాను. నా ఉద్యోగం పోబోయిందీ, నిలబడిందీ దాని మీదే.

సీటు ఎలా దొరికింది

మాది జగ్గయ్యపేట. నాన్న మిషను బడిలో మేష్టారు. నన్ను నందిగామ దగ్గరున్న ఈ ఆసుపత్రిలో మందులు పొట్లాలు కట్టే పనికి చేర్చారు. నేను చేరిన మరుసటేడు పాత డ్రైవరు బస్సులు నడిపే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. అతని తరవాత వచ్చినవాళ్లెవరూ నిలవలేదు. కొన్నాళ్లు డాక్టరమ్మగారే కారు నడిపారు. పల్లెలకు వెళ్లి రోగుల్ని చూడాలి, కదలలేనివాళ్లని తీసుకురావాలి, తిరిగొచ్చి ఆపరేషన్లు చేయాలి. ఒక రోజు మందుల కిటికీ దగ్గరికి వచ్చి నన్ను పిలిచారు.

"కారు నేర్చుకుంటావా?"

కడుతున్న పొట్లం పక్కన పెట్టాను.

"నేనాండీ?"

"నువ్వే. నువ్వు మాట్లాడవు. పక్కన కూర్చుని మాట్లాడని మనిషి కావాలి నాకు. పైగా మగ డ్రైవరుంటే నొప్పులు పడుతున్న ఆడవాళ్లు కారెక్కడానికి సిగ్గుపడుతున్నారు. గుమ్మంలోనే ఆలస్యమైపోతోంది."

ఆ రెండో మాట నిజం. గుర్తుంచుకోండి. మీరు ఆ సీటులో కూర్చోవడం ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. స్టీరింగు దగ్గర ఆడమనిషిని చూసి ఒక తల్లి మారుమాట్లాడకుండా ఎక్కి కూర్చుంటుందే, అది మీ పనిలో మొదటి సగం. కారు ఆమెను చేర్చాల్సిన చోటికి చేర్చడం రెండో సగం.

డాక్టరమ్మగారు ఆసుపత్రి ఆవరణలోనే నాకు నేర్పారు. కారు ఇంగ్లండులో తయారైన పాత పెట్టె బండి. సీటు ముందుకీ వెనక్కీ జరగదు. ఆవిడ పొడగరి. నేనా, కిటికీ లోంచి చూస్తే కారు దానంతటదే వెళుతోందనుకునేవాళ్లు. బ్రేకు అందేది, యాక్సిలరేటరు అందేది. క్లచ్ పెడల్ మాత్రం చివరికంటా తొక్కాలంటే నడుము సీటులోంచి జారిపోయేది.

దానికి ఉపాయం చెప్పింది దేవదానం బాబాయి. మంచాలు, రోగుల చంకకర్రలు చేసే మా ఆసుపత్రి వడ్రంగి. కొలతలేవీ తీసుకోకుండా నా చెప్పు చూసి వెళ్లాడు. తుమ్మచెక్కతో నా పిడికిలంత మందాన దిమ్మ చేసుకొచ్చాడు. అంచులు గుండ్రంగా చెక్కి, కాలు జారకుండా పైన గీతలు తీశాడు. రెండు ఇనుప పట్టీలతో దాన్ని క్లచ్ పెడల్‌కి బిగించాడు.

"ఇప్పుడు తొక్కు."

తొక్కాను. నడుము కదలకుండానే పెడల్ చివరికంటా దిగింది.

"ఏమ్మాయ్, సింహాసనం కుదిరిందా?" అని మురిసిపోయాడు. వార్డులో వాళ్లంతా వచ్చి ఆ దిమ్మని చూసి మెచ్చుకున్నారు. నేనైతే కొన్నాళ్లపాటు రోజూ దాన్ని గుడ్డతో తుడిచేదాన్ని.

ఎద్దులు లాగిన కారు

లైసెన్సు వచ్చాక ఒక పంట కాలం హాయిగా గడిచింది. ఆ తరవాత కారు ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఆ భాష తెలియలేదు.

మొదట బెజవాడ రోడ్డు మీద చూశాను. టాప్ గేరులో వెళుతూ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను శబ్దం పెరిగేది, వేగం పెరిగేది కాదు. ఎండకి అనుకున్నాను. తరవాత కారు కదిలించేటప్పుడు పెడల్‌ని దాదాపు పైదాకా వదిలితే గానీ బండి పట్టుకునేది కాదు. నా కాలికి అలవాటు కాలేదనుకున్నాను. ఒకసారి కీసర దగ్గర ఆగితే కాలిన గోనెసంచి వాసన వచ్చింది. పక్క పొలంలో చెత్త తగలబెడుతున్నారేమోనని అటు చూశాను. పొలంలో పొగే లేదు. అయినా కారుని అనుమానించలేదు.

చివరికి అది మున్నేటి రేవులో బయటపడింది. ఏటి అవతలి ఊరినుంచి నొప్పులు పడుతున్న ఒకామెని తీసుకొస్తున్నాం. వెనక సీటులో ఆమె, ఆమె అత్త, మా నర్సు. నీళ్లు సన్నగా ఉన్న చోట ఏరు దాటాం. ఇటువైపు గట్టు ఎక్కాలి. సగం ఎక్కాక ఇంజను గోల పెట్టింది, కారు మాత్రం ఆగిపోయింది. నేను ఇంకా తొక్కాను. ఇంకా గోల పెట్టింది. కింద నుంచి పొగ, ఆ గోనెసంచి వాసన. కారు మెల్లగా వెనక్కి జారుతుంటే బ్రేకు వేసి కూర్చున్నాను.

రేవులో నీళ్లు తాగిస్తున్న బండివాడు తన ఎద్దుల్ని విప్పి తెచ్చి మోకులతో మా కారు ముందు కట్టాడు. వెనక నలుగురు నెట్టారు. గట్టెక్కుతుంటే అత్తగారు కిటికీలోంచి తల బయటికి పెట్టి అంది.

"కారంటే ఎద్దులకంటే గొప్పదనుకున్నా. దీనికీ ఎద్దులే కావాల్సొచ్చినయ్యేందమ్మా!"

నొప్పుల మధ్యే కోడలు నవ్వింది. నేను నవ్వలేకపోయాను. గట్టు మీద చదును దొరికాక తక్కువ గేరులో నత్తలా ఆసుపత్రి చేరాం. బిడ్డ క్షేమంగా పుట్టాడు. కారు మాత్రం ఆ సాయంత్రం కదలనంది.

జానీ మేస్త్రి చెప్పిన పాఠం

నందిగామలో మోటారు షెడ్డు జానీ మేస్త్రిది. గేరుపెట్టె దించి, లోపలినుంచి గుండ్రటి రేకు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. రెండు వైపులా ఉండాల్సిన గరుకు పొర అరిగి, మేకుల తలలు బయటికి వచ్చి మెరుస్తున్నాయి.

"అర్థమైందామ్మా? రెండు పెనాల మధ్య రొట్టె ఉందనుకో. ఒక పెనం ఇంజనుతో తిరుగుద్ది. రెండోది స్ప్రింగుల జోరుతో రొట్టెని దానికేసి అదుముద్ది. అదిమినంతసేపూ రొట్టె కూడా తిరుగుద్ది, చక్రం తిరుగుద్ది. పెడల్ తొక్కితే పెనం వదిలేసుద్ది. పూర్తిగా తొక్కినా బాధ లేదు, పూర్తిగా వదిలినా బాధ లేదు. సగంలో పెట్టావా, పెనం జారుతా రొట్టెని గీకుద్ది. అదీ సంగతి."

ఇంత తేలిగ్గా చెప్పే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నదీ, తరవాత రోడ్డు నేర్పిందీ కలిపి చెబుతాను.

శబ్దం పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు జారుతోంది. ఇది ముందుగా తెలిసేది చిన్న గేరులో కాదు, పెద్ద గేరులో, బరువుతో ఎత్తెక్కేటప్పుడు. ఖాళీ కారుతో చదును మీద తిరిగి బాగుందనుకోవద్దు. కారు పట్టుకునే చోటు రోజురోజుకీ పైకి వస్తోందంటే పొర అరుగుతోంది. పెడల్‌ని చేత్తో నొక్కి చూడండి. మొదట కొద్దిగా తేలిగ్గా దిగి, ఆ తరవాత బరువు తగలాలి. ఆ తేలిక భాగం పోయిందంటే ప్లేటుకి ఊపిరాడడం లేదన్నమాట. కాలిన వాసన వచ్చేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం.

అనుమానం తీరాలంటే చదునైన చోట ముందు ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్‌బ్రేకు గట్టిగా వేసి, టాప్ గేరులో పెట్టి, మెల్లగా పెడల్ వదలండి. ఇంజను వణికి చచ్చిపోవాలి. అది చావకుండా తిరుగుతూనే ఉందంటే చచ్చింది క్లచ్. ఈ పరీక్ష ఒక్కసారే చేయండి. ఊరికే చేస్తే మంచి ప్లేటు కూడా పాడవుతుంది.

గేరు వేసేటప్పుడు పళ్లు కొరికితే అది వేరే జబ్బు. అక్కడ జబ్బు ప్లేటు జారడం కాదు, వదలకపోవడం. పెడల్ తొక్కినప్పుడే గరగర వినిపిస్తే పెనాన్ని నెట్టే బేరింగు అరిగింది. కదిలేటప్పుడు కారంతా గడగడ వణికితే ప్లేటు మీద నూనె పడిందేమో చూడమనండి. అన్నిటికీ కలిపి "క్లచ్ పోయింది" అని షెడ్డులో చెప్పొద్దు. రోగి వచ్చి "ఒళ్లు బాలేదు" అంటే డాక్టరు ఏం చేస్తారు?

మళ్లీ పోయింది

కొత్త ప్లేటు వేశారు. అది తరవాతి మిరప కోతలు కూడా చూడకుండానే పోయింది. అవే సూచనలు. ఈసారి రోడ్డు మీద నిలిచిపోకముందే నేనే గుర్తుపట్టి షెడ్డుకి తీసుకెళ్లాను. గర్వపడాల్సిన సంగతే, కానీ ఆఫీసులో అలా తీసుకోలేదు.

మా మేనేజరు సుందరరావుగారు నన్ను పిలిపించారు. డాక్టరమ్మగారు కూడా ఉన్నారు.

"పాత డ్రైవరు ఉన్నన్నాళ్లూ ఒకే ప్లేటు నడిచింది. నువ్వొచ్చాక రెండు. ఏమ్మా, ఏం చేస్తున్నావు దాన్ని?"

"అందరూ తోలినట్టే తోలుతున్నానండి."

"సగం క్లచ్ మీద తోలుతున్నావా?"

"లేదండి. క్లచ్ మీద కాలు పెట్టి తోలకూడదని కారుతో వచ్చిన పుస్తకంలో రాసుంది. నిఘంటువు పెట్టుకుని చదివాను. పెట్టనండి."

నేను అబద్ధం చెప్పలేదు. ఆ మాట మనసా వాచా నమ్మే అన్నాను.

"జానీ మేస్త్రిని అడిగాను. ఆడకూతురి కాలు, అంత బలం ఎక్కడిదండీ, పూర్తిగా తొక్కలేకపోతుందేమో అన్నాడు. నీమీద నాకు కోపం లేదమ్మా. ఏటి మధ్యలో కారు ఆగి, లోపల మనిషికి ఏదన్నా అయితే జవాబు చెప్పాల్సింది నేను. జగ్గయ్యపేటలో లారీ తోలే అతనొకడు వస్తానంటున్నాడు. ఇప్పుడు వేయించిన ప్లేటు కూడా ఇట్టాగే పోయిందంటే అతన్ని పెట్టేస్తా. నువ్వు మళ్లీ మందుల కిటికీకి వెళ్లిపో."

డాక్టరమ్మగారు నన్ను వెనకేసుకొస్తారని ఎదురుచూశాను. ఆవిడ మాత్రం, "నాక్కూడా నమ్మకంగా కదిలే కారు కావాలి సుగుణా. కారణం కనుక్కో. కనుక్కుంటే నీ పక్షాన మాట్లాడతాను" అన్నారు.

ఆ రోజు ఆవిడ మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ గదిలో నన్ను మనిషిగా చూసింది ఆవిడే. జాలిపడి ఉంటే నేను జాలి మీదే బతికేదాన్ని. సుందరరావుగారి భయం న్యాయమైనదే. ఆడకాలు అనే కారణం మాత్రం తప్పు. జానీ మేస్త్రి మంచి పనిమంతుడు. అయినా అరిగిన ముక్క తీసి కొత్తది వేయడంతో తన పని అయిపోయిందనుకునేవాడు. ఎందుకు అరిగిందని ఒక్కసారి కూడా అడగలేదు. పని నేర్చుకునేటప్పుడు ఇలాంటి పెద్దవాళ్లు ముగ్గురూ తగులుతారు. ముగ్గురి మాటల్లోనూ సగం సగం నిజం ఉంటుంది.

ఆ సీటు వదలకూడదని నేను గట్టిగా నిర్ణయించుకున్నాను. మందుల కిటికీ చెడ్డది కాదు. అయితే కిటికీ వెనక నిలబడ్డ నన్ను ఎవరూ పేరుతో పిలిచేవాళ్లు కాదు. పల్లెల్లో నేను "కారు తోలే అమ్మాయి"ని. ఏటి అవతలి ఊళ్లో నా కోసం పెరుగు చెంబు చూరుకి కట్టి ఉంచేవాళ్లు.

చర్చి గుమ్మం దగ్గర

ఆ రోజు నుంచి ఒక్కొక్కటీ మానుకుంటూ వచ్చాను. ఎత్తు మీద ఆగితే క్లచ్ పట్టి నిలబెట్టడం మానేసి హ్యాండ్‌బ్రేకు వేశాను. అలా క్లచ్ మీద నిలబెట్టడం డాక్టరమ్మగారే నాకు నేర్పిన చెడ్డ అలవాటు. గేరు మార్చేటప్పుడు పెడల్ చివరికంటా తొక్కాను, ఒక్క ఊపున వదిలాను. మలుపుల్లో క్లచ్ తొక్కి కారుని జారనివ్వడం మానేశాను. పక్కన కూర్చున్న నర్సు, "ఏంటే, కారు తోలుతున్నావా, పరీక్ష రాస్తున్నావా?" అనేది.

అయినా కారు పట్టుకునే చోటు మెల్లమెల్లగా పైకి వస్తూనే ఉంది. ఆ సంగతి నా కాలికి ఒక్కదానికే తెలుసు. లారీ అతను ఒకరోజు వచ్చి కారు చుట్టూ తిరిగి చూసి కూడా వెళ్లాడు. వెళుతూ, "పర్లేదమ్మా, బండి బాగానే ఉంచావు" అన్నాడు. అప్పుడే తనదైపోయినట్టు!

ఒక ఆదివారం ఆసుపత్రి ఆవరణలోని చర్చిలో ఆరాధన అయిపోయి అందరం బయటికి వచ్చాం. మా చర్చిలో చెప్పులు గుమ్మం బయట వదిలి లోపల చాపల మీద కూర్చుంటాం కదా. బయట ఆడవాళ్ల చెప్పులన్నీ ఒక గుట్ట. ఎవరో కాలితో తోసేసినట్టున్నారు, నా జత బోర్లా పడి ఉంది. తిప్పుకుందామని వంగాను. చేతిలోకి తీసుకుని అక్కడే ఉండిపోయాను.

కుడి చెప్పు అందరి చెప్పుల్లాగే మడమ దగ్గర అరిగింది. ఎడమ చెప్పు మడమ దగ్గర కుట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. తోలు మీద చెప్పులు కుట్టినాయన గీసిన గీత కూడా చెరగలేదు. పాదం ముందుభాగం మాత్రం అరిగి, గుంట పడి, ఇంకాస్తయితే చిల్లు పడేలా ఉంది.

రోజంతా నేను నడిచేది తక్కువ. కూర్చునేది కారులో. అంటే కారులో నా ఎడమకాలి మడమ దేన్నీ తాకడం లేదు. కాలి బరువంతా ముందుభాగం మీదే ఉంటోంది. ఆ ముందుభాగం కింద ఏముంది?

నన్ను చూడ్డానికి ఊరినుంచి వచ్చిన అమ్మ పక్కన అంటోంది: "చెప్పు చేత్తో పట్టుకుని అట్టా నిలబడతావేంటే, ఎవర్ని కొట్టడానికి?"

నేను ఒక చెప్పు వేసుకుని, ఒకటి చేత్తో పట్టుకుని కారు షెడ్డు వైపు పరుగులాంటి నడక అందుకున్నాను. సీటులో కూర్చుని, ఎప్పటిలాగే కాళ్లు పెట్టుకుని, కిందికి తొంగి చూశాను. దేవదానం బాబాయి దిమ్మ పిడికిలెత్తు. దాని మీద పాదం పెడితే మడమ నేలకి అందదు. మడమకి ఆనిక లేనప్పుడు కాలు ఎక్కడ ఉంటుంది? పెడల్ మీదే. నేను తొక్కడం లేదు, నిజమే. కాలు ఊరికే ఆనించి ఉంచుతున్నాను. ఊరికే ఆనిన ఆ బరువే స్ప్రింగుల జోరుని కొంత తగ్గిస్తోంది. పెనం కొద్దికొద్దిగా జారుతోంది. ఊరినుంచి ఊరికి దారి పొడుగునా రొట్టె గీసుకుపోతోంది.

పుస్తకం చెప్పింది నిజమే, నేను చెప్పిందీ నిజమే. మధ్యలో ఉన్న చెక్క సంగతి మా ఇద్దరికీ తెలియదు.

దిమ్మకి కొత్త పని

కారణం దొరికిందన్న సంతోషం కాసేపే. దేవదానం బాబాయికి చెప్పడం ఎలా? ఆ దిమ్మ చేసినందుకు ఆయన ఇప్పటికీ కొత్తవాళ్లని కారు దగ్గరికి తీసుకొచ్చి చూపించేవాడు. చెప్పకుండా పట్టీలు విప్పేద్దామా అనుకున్నాను. పిరికి ఆలోచన. పోయి పిలిచాను.

"బాబాయ్, కాస్త నా పక్కన కూర్చుని నా కాలు చూస్తావా? ఆవరణ చుట్టూ తిప్పుతాను."

"కాలు చూసేదేంటమ్మాయ్, నేనేమన్నా డాక్టర్నా?" అంటూనే ఎక్కి కూర్చున్నాడు. ముందు సీటులో కూర్చోవడం ఆయనకి అదే మొదటిసారి. ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో తలపాగా పట్టుకున్నాడు. ఒక చుట్టు తిరిగాక ధైర్యం తెచ్చుకుని వంగి చూశాడు. నా మడమ కిందికి చెయ్యి పోనిచ్చాడు.

"నా చెయ్యి దూరిపోతోందే!"

"అవును బాబాయ్."

"నీ మడమ గాల్లో ఉంది. కాలంతా నా చెక్క మీదే ఏసుకుని కూర్చున్నావు."

"ఎక్కడ వేసుకోను మరి?"

కారు ఆపాను. ఆయన దిమ్మ అంచుని బొటనవేలితో తడిమాడు. తరవాత మెల్లగా, "అయితే ఆ రెండు ప్లేట్లూ తిన్నది నా చెక్కేనన్నమాట" అన్నాడు.

"నీ చెక్క లేకపోతే నేను ఈ సీటులోకే వచ్చేదాన్ని కాదు బాబాయ్."

"ఆ మాటలు తరవాత చెబుదువుగాని. దిగు."

ఆయన పట్టీలు విప్పాడు. ఈసారి నన్ను సీటులో కూర్చోబెట్టి కొలతలన్నీ తీశాడు. నా వెనక మందపాటి పరుపుదిండు పెట్టి నన్నే ముందుకి జరిపాడు. పెడల్ ముందు నేల మీద మడమ ఆనడానికి ఏటవాలు చెక్క బిగించాడు. క్లచ్ పెడల్‌కి ఎడమ పక్కన, పని లేనప్పుడు పాదం పెట్టుకోవడానికి చిన్న పీట కూడా కొట్టాడు. పెడల్ మీద ఇప్పుడు ఏమీ లేదు.

మర్నాడు జానీ మేస్త్రి పెడల్ సరిచేసి, మొదటి తేలిక భాగం మళ్లీ వచ్చేలా బిగించాడు. సంగతంతా విని తల గోక్కున్నాడు. "నేను అడగాల్సింది అమ్మా. చెక్క కళ్ల ముందే ఉంది, దాన్ని విప్పకుండానే రెండు ప్లేట్లు మార్చా" అని, "సగం ప్లేటు అయిపోయింది. మిగతా సగం నీ కాలి చలవ" అన్నాడు.

తీసేసిన దిమ్మని ఏం చేయాలో తెలియక సీటు కింద నవలల పక్కన పెట్టుకున్నాను.

రేవు గట్టు మీద

సగం అరిగిన ప్లేటు నిలుస్తుందా లేదా అన్నది ఇంకా తేలలేదు. సుందరరావుగారు కారణం విన్నారు, తల ఊపారు, నమ్మినట్టు కనబడలేదు. "చూద్దాం" అన్నారు. చూడడానికి తనే బయలుదేరారు.

ఏటి అవతలి ఊళ్లో సున్నపురాయి తవ్వేచోట ఒకతని తొడ ఎముక విరిగింది. అతన్ని వెనక పడుకోబెట్టి, అతని భార్యని పక్కన కూర్చోబెట్టుకుని వస్తున్నాం. ముందు సీటులో సుందరరావుగారు, తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా. అదే రేవు, అదే గట్టు. సగం ఎక్కేసరికి పైన చొప్పబండి ఒకటి అడ్డం తిరిగి ఆగింది. మేమూ ఆగాలి. లోపల మనిషి ప్రతి కుదుపుకీ అరుస్తున్నాడు. వెనక్కి జారకూడదు. క్లచ్ పట్టి నిలబెడితే సగం ప్లేటు అక్కడే అయిపోతుంది.

పెడల్ పూర్తిగా తొక్కి, గేరు తీసి, హ్యాండ్‌బ్రేకు లాగి, కుడికాలు బ్రేకు మీదే ఉంచి, ఎడమకాలు పీట మీద పెట్టుకున్నాను. హ్యాండ్‌బ్రేకు పాతది, బరువుకి మూలుగుతోంది. సీటు కింద చెయ్యి పెట్టి దిమ్మ బయటికి తీశాను. మేనేజరుగారికి పని చెప్పడం నా జన్మలో అదే మొదలు.

"సార్, మీరు దిగి దీన్ని వెనక చక్రం కింద పెట్టాలండి."

"నేనా?"

"నేను కాలు తీయకూడదండి, బ్రేకు మీద ఉంది."

ఆయన దిమ్మ వైపు, నా వైపు చూశారు. పంచె ఎగగట్టి దిగారు. వెనకనుంచి కేక, "పెట్టానమ్మా! కదల్దు!" కాలు తేలిక చేశాను. కారు దిమ్మకి ఆనుకుని నిలబడింది. చొప్పబండి వాడు ఎద్దులతో తగువాడుకుంటూ దారి ఇచ్చేదాకా ఇంజను హాయిగా గుడగుడలాడుతూ ఉంది. వాసన లేదు, పొగ లేదు.

దారి వచ్చాక మొదటి గేరు వేసి మెల్లగా వదిలాను. పెడల్ సగానికి వచ్చేసరికి కారు పట్టుకుంది. ఒక్క గోల లేకుండా గట్టు ఎక్కింది. పైన చదును మీద ఆపి అద్దంలో చూశాను. సుందరరావుగారు దిమ్మని చంకలో పెట్టుకుని, బురద పంచెతో నడిచి వస్తున్నారు. రాయి తవ్వేవాడి భార్య చూసి, "ఆయన మీ క్లీనరా అమ్మా?" అని మెల్లగా అడిగింది.

ఆయన ఎక్కి కూర్చుని దిమ్మని ఒళ్లో పెట్టుకున్నారు. ఆసుపత్రి గేటు దగ్గర అన్నారు, "జగ్గయ్యపేటకి కబురు పంపిస్తాలే, అతన్ని రావద్దని." దిగుతూ దిమ్మని తన చేత్తోనే సీటు కింద పెట్టారు. అక్కడ కనిపించిన నవలల గురించి ఏమీ అనలేదు.

ఆ సగం ప్లేటు ఆ వేసవి దాటింది, వానలు దాటింది, మరుసటి వేసవీ దాటింది.

శాంతకీ, కరుణకీ

కారు చెప్పే మాట వినండి. వినగానే ముక్క మార్పించి ఊరుకోవద్దు, ఎందుకని అడగండి. ఎవరన్నా మీరు ఆడవాళ్లు కనుక పాడైందంటే ఏడుస్తూ కూర్చోవద్దు, ఒప్పుకోనూ వద్దు. తప్పు మీ కాలిది కావచ్చు, చెక్కది కావచ్చు, స్ప్రింగుది కావచ్చు. వెతికి చూపించండి. దొరికాక అది మిమ్మల్ని ప్రేమించేవాళ్లు చేసిపెట్టిందే అయినా తీసేయండి, వాళ్లకి చెప్పి మరీ తీసేయండి.

శాంత పొడగరి, ఆమెకి ఇబ్బంది లేదు. కరుణ నా అంతే ఉంటుంది. మొన్న నా దిండూ, మడమ చెక్కా తీసేయించి ఇద్దరినీ కారులో కూర్చోబెట్టాను. కరుణ వంతు వచ్చేసరికి క్లచ్ చివరికంటా అందక సీటులోంచి జారింది. సిగ్గుపడి, "అక్కా, పెడల్‌కి చిన్న చెక్క ముక్క కొట్టించుకుంటే సరిపోతుందేమో" అంది.

కారు దిగమన్నాను. వడ్రంగి పాక దాకా తీసుకెళ్లాను. దేవదానం బాబాయికి ఇప్పుడు చూపు ఆనదు, చేతులు మాత్రం ఆగవు. గుమ్మంలో కరుణ మళ్లీ అదే మాట అంది, "తాతా, క్లచ్ అందడం లేదు, నాకో చెక్క కావాలి."

ఆయన చెక్కకి చిత్రిక పట్టడం ఆపకుండా, తల ఎత్తకుండా అడిగాడు.

"పాదానికా, మడమకా?"